గయ్యాళికి కడుపునొప్పి

పిల్లల ఆసుపత్రిలో రక్తం తీసే ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆమెను అందరూ సూదమ్మ అనే పిలిచారు. పిల్లలు పెట్టిన పేరది. మొదట్లో ఆ పిలుపు వింటే మనసు చివుక్కుమనేది. పోనుపోనూ ఎంత అలవాటైపోయిందంటే, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని తానే వెనక్కి తిరిగి చూసేది. ఆమె చెయ్యి తేలిక. ఏడ్చే పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కిటికీ బయటి కాకి గురించో గోడ మీది బల్లి గురించో కబుర్లు చెబుతుండగానే పని అయిపోయేది. కబురు మధ్యలో ఆపేసిందని పేచీ పెట్టిన పిల్లలూ ఉన్నారు.

ఆ ఆసుపత్రివాళ్ళు రక్తపరీక్షలన్నీ బయటి ల్యాబుకు అప్పగించేయడంతో సూదమ్మ ఉద్యోగం కాస్తా ఊడింది. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. భర్తకు బజారు మలుపులో తాళాలు బాగుచేసే చిన్న కొట్టుంది. ఆయన నోరు తెరిపించాలంటే ముందు దానికి తాళంచెవి చేయించాలని కన్నతల్లే వెక్కిరించేది. అలాంటి మనిషి ఒకరోజు పశువుల ఆసుపత్రిలో బీరువా తాళం బాగుచేసి వచ్చి, అక్కడ గుర్రాల డాక్టరుకు రక్తం తీయడం, పరీక్షలు చేయడం తెలిసిన మనిషి కావాలట, నువ్వు వెళ్ళి అడిగితే బాగుంటుందేమో అన్నాడు. అంత పొడుగు మాట ఆయన నోట వినేసరికి అత్తాకోడళ్ళిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు.

సూదమ్మకు గుర్రాలంటే భయం. అయినా ల్యాబులో కూర్చునే పనే కదా, గుర్రం దారి గుర్రానిది, తన దారి తనది అనుకుని వెళ్ళింది.

గుర్రాల డాక్టరు నిచ్చెనంత పొడుగు మనిషి. కొట్టాల గుమ్మాల్లో తల వంచీ వంచీ ఆయన మెడ ముందుకు వాలిపోయింది. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని పనేమిటో ఓపిగ్గా వివరించాడు. గుర్రం కడుపులో అది తిన్నా తినకపోయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. దాని మంటను తగ్గించేది నోట్లోంచి దిగే లాలాజలం. ఆ లాలాజలమేమో నమిలేటప్పుడే ఊరుతుంది. అందుకే గుర్రం రోజంతా కొంచెం కొంచెంగా మేస్తూ ఉండాలి. కొట్టంలో కట్టేసి పూటకింత దాణా వేసి ఊరుకుంటే ఖాళీ కడుపును ఆమ్లం కాల్చేస్తుంది, పుళ్ళు పడతాయి. పుండు పడిందో లేదో కచ్చితంగా తేల్చుకోవాలంటే ఒకటే దారి. ముందురాత్రి నుంచి గుర్రాన్ని పస్తుంచి, మత్తిచ్చి, ముక్కులోంచి కడుపు దాకా కెమెరా ఉన్న గొట్టం దింపి చూడాలి. గుర్రానికి యాతన, మనుషులకు శ్రమ. పైగా అంత పొడుగు గొట్టం అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు.

పుండున్న గుర్రాల లాలాజలంలోనూ రక్తంలోనూ కొన్ని ప్రొటీన్లు ఎక్కువగా కనబడతాయేమోనని డాక్టరు ఆలోచన. అదే నిజమైతే ఇంట్లో అడుగు పెట్టకుండా గుమ్మం దగ్గరే సంగతి తెలుసుకున్నట్టు, కాస్త ఉమ్మి, కాస్త రక్తం చూసి ఏ గుర్రానికి గొట్టం వేయాలో, దేన్ని వదిలేయొచ్చో చెప్పొచ్చు. నిజమో కాదో తేలేదాకా మాత్రం ప్రతి గుర్రానికీ మూడూ చేయాల్సిందే. ముందు లాలాజలం, తర్వాత రక్తం, ఆ తర్వాత గొట్టం.

లాలాజలం ఎవరు తీస్తారని సూదమ్మ అడిగింది.

"మీరేనమ్మా," అన్నాడు డాక్టరు. ఒప్పుకున్నాక వెనక్కి తగ్గడం చేతకాక ఆమె తల ఊపింది.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్తగారు కుర్చీలోంచే ఎగాదిగా చూసింది.

"ఇన్నాళ్ళూ పిల్లల రక్తం మీద పడ్డావు. ఇప్పుడు గుర్రాల ఎంగిలి దగ్గరికి వచ్చావా అమ్మాయ్?"

వేరేవాళ్ళయితే నొచ్చుకునేవారేమో. సూదమ్మ నవ్వింది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ కాపురం మొదటినుంచీ ఇలాంటి విసుర్ల మీదే నడిచింది. అత్తగారు తన వయసంతా కుట్టుమిషన్ తొక్కింది. ఊళ్ళో సగం బడులకు యూనిఫారాలు కుట్టి కొడుకును పెంచింది. ముక్కు మీదే కోపం. కానీ ఆ కోపానికి ఎప్పుడూ కొసన ఒక నవ్వు వేలాడుతుండేది. తిట్టి, తిట్టు ఎలా తగిలిందోనని ఓరకంట చూసేది. ఆ చూపు కోసమే సూదమ్మ ఒక్కోసారి కావాలని మాట అనిపించుకునేది.

ఈ మధ్య ఆ చూపు లేదు. కొన్ని నెలలుగా ముసలమ్మకు ఏదీ నచ్చడం లేదు. పళ్ళెం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచిపోతోంది. పక్కింటివాళ్ళు కుర్చీ జరిపినా గొడవే. సూదమ్మ పిల్లల ఆసుపత్రి వదిలే ముందు ఇంట్లోనే అత్తగారి రక్తం తీసి పరీక్ష చేయించింది. అన్నీ ఉండాల్సిన హద్దుల్లోనే ఉన్నాయి. ఒంట్లో ఏమీ లేదత్తయ్యా, నిశ్చింతగా ఉండండి అని ఆవిడతో చెప్పింది. వయసుతో పాటు చిరాకు పెరుగుతుంది, మనమే సర్దుకుపోవాలి అని భర్త చెవిన వేసింది. ఆయన అలవాటు ప్రకారం తలూపాడు. అప్పటినుంచి ముసలమ్మ విసుక్కున్నప్పుడల్లా ఇంట్లోవాళ్ళు ఆ గాలి వెళ్ళిపోయేదాకా తల దించుకుని కూర్చోవడం నేర్చుకున్నారు.

పశువుల ఆసుపత్రి గోడ పక్కనే గుర్రపుస్వారీ నేర్పే బడి ఉంది. అక్కడి గుర్రాల మీదే డాక్టరు పరిశోధన. వాటిని చూసుకునే పెద్దాయన తల పండినవాడు, తెల్లటి గుబురు మీసం. సూదమ్మ ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. మొదటిరోజే ఆయన వేలు చూపించి, ఆ చివరి గదిలో ఉన్నదాని జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళకమ్మా అని హెచ్చరించాడు. నుదుట తెల్ల మచ్చ ఉన్న ఎర్రగుర్రం అది, ఆడది. జీను పట్టీ బిగించబోతే చెవులు వెనక్కి అంటించి పళ్ళు చూపిస్తుంది. బ్రష్షు పొట్ట మీదికి వస్తే కాలు విసురుతుంది. దాన్ని చూస్తేనే స్వారీ నేర్చుకునే పిల్లలు గోడకు అంటుకుపోతున్నారు. పెద్దాయన దానికి గయ్యాళి అని పేరు పెట్టాడు. బడి నడిపే ఆవిడ కూడా దాన్ని ఎక్కడికైనా పంపించేయాలని చూస్తోంది.

లాలాజలం తీయడం చూడ్డానికి సులువే. పొడుగాటి పటకారు చివర స్పాంజి ముక్క పట్టించి, గుర్రం పెదవి మూల నుంచి బుగ్గలోకి దూర్చి, అది తడిసేదాకా ఆగాలి. తర్వాత ఆ స్పాంజిని చిన్న పరీక్షగొట్టంలో వేసి గిరగిరా తిప్పే యంత్రంలో పెడితే లాలాజలం అడుగున చేరుతుంది. నోట్లో గడ్డిపరక ఉండకూడదు, చిగుళ్ళు గీసుకుని నెత్తురు కలవకూడదు. సూదమ్మ మొదటి గుర్రం దగ్గర నిలబడగానే అది స్పాంజిని, పటకారుతో సహా, పళ్ళతో లాగేసుకుంది. ఆమె కెవ్వుమంటూ గడ్డిమోపు వెనక్కి వెళ్ళి దాక్కుంది. పటకారు కోసం పెద్దాయన గుర్రాన్ని బతిమాలుతుంటే, డాక్టరు గుమ్మం దగ్గర నవ్వాపుకోలేక దగ్గు నటించాడు.

మర్నాడు ఆమె పటకారు జేబులోనే ఉంచుకుని వెళ్ళింది. గుర్రం ముందు నిలబడి, తనకు వచ్చిన ఒకే ఒక్క విద్య మొదలుపెట్టింది. కబుర్లు. బస్సులో సీటు కోసం జరిగిన పోట్లాట దగ్గర్నుంచి, అత్తగారు పాలవాడి మీద వేసిన విసుర్ల దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పింది. గుర్రం చెవి ఒకటి మెల్లగా ఆమె వైపు తిరిగింది. పెదవులు సడలాయి. అప్పుడు జేబులోంచి పటకారు తీసింది. కథ సగంలో ఉండగానే స్పాంజి తడిసిపోయింది. కొన్ని వారాల్లో గుర్రాలన్నిటికీ ఆమె ఇంటి సంగతులు తెలిసిపోయాయి.

గయ్యాళిని చివరికి వదిలింది. దాని దగ్గరికి ఊరికే వెళ్ళి, దూరంగా బోర్లించిన బకెట్టు మీద కూర్చుని మాట్లాడి వచ్చేది. అది చాలారోజులు గోడకే ముఖం పెట్టుకుని ఉంది. ఒక పొద్దున సూదమ్మ మాటల మధ్యలో ఆగి నీళ్ళు తాగుతుంటే, ఆగావేమిటన్నట్టు తల తిప్పి చూసింది. ఆ వారంలోనే అది స్పాంజి పెట్టనిచ్చింది, రక్తం కూడా తీయనిచ్చింది. ఆ రోజు సూదమ్మ ఇంటికి గాల్లో తేలుతూ వెళ్ళింది. అన్నం దగ్గర కూర్చుని ఆ గుర్రం గురించి చెబితే భర్త ఆసక్తిగా విన్నాడు. అత్తగారు మాత్రం, గయ్యాళి అట గయ్యాళి, నాకు పెట్టాల్సిన పేరు దానికెందుకు పెట్టారు అని విసురుగా లేచి వెళ్ళిపోయింది. ఆ విసురు కొసన నవ్వు లేదు.

గయ్యాళి పరీక్షల లెక్కలు వచ్చాయి. డాక్టరు నమ్ముకున్న ప్రొటీన్లు దాని లాలాజలంలో మామూలుగానే ఉన్నాయి. రక్తంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. సూదమ్మ సంతోషంతో ఆ కబురు పెద్దాయనకు మోసుకెళ్ళింది. ఆయన మీసం తుడుచుకుని, నేను చెప్పలేదా, దానికున్న రోగమల్లా పొగరే అన్నాడు.

ఆ తర్వాత దాని గొట్టం వంతు వచ్చింది. పస్తుంచిన గుర్రం మత్తులో తల వేలాడేసి నిలబడింది. డాక్టరు గొట్టం దింపుతుంటే సూదమ్మ దాని మెడ మీద చెయ్యి వేసి, బల్ల మీద ఉన్న తెర వైపు చూస్తోంది. అన్నవాహిక లేత గులాబీ దారిలా వెనక్కి జరిగి, కడుపు పైభాగం కనబడింది. ఆ గోడ నిండా పుళ్ళే. కొన్నిటి అంచులు పసుపుపచ్చగా మందం కట్టాయి. ఒకటి రెండు లోతుగా, ఎర్రగా ఉన్నాయి. డాక్టరు గొట్టాన్ని మెల్లగా తిప్పి ఇంకో వైపు చూపించాడు. అక్కడా అంతే.

తప్పు తనదేననుకుంది సూదమ్మ. స్పాంజి ఎక్కువసేపు ఉంచలేదేమో, పరీక్షగొట్టాలు తారుమారయ్యాయేమో. మళ్ళీ తీస్తానని పట్టుబట్టింది. మత్తు పూర్తిగా దిగాక, కొన్నాళ్ళాగి మళ్ళీ తీసింది, ఒళ్ళు దగ్గర పెట్టుకుని మళ్ళీ పరీక్ష చేసింది. లెక్క మారలేదు. ఫలితం పట్టుకుని డాక్టరు గదికి వెళ్ళి బల్లకు ఇవతల నిలబడిపోయింది.

"మీ చేతిలో తప్పేమీ లేదమ్మా," అన్నాడాయన. "పరీక్ష కూడా అబద్ధమాడలేదు. దానికి తెలిసినంత వరకు చెప్పింది. పుళ్ళున్న గుర్రాల్లో చాలావాటికి ఆ ప్రొటీన్లు పెరుగుతున్నాయి. దీనికి పెరగలేదు. ఎందుకో ఇంకా నాకూ తెలియదు. లెక్క బాగుందంటే ఆ ఒక్క లెక్క బాగుందనే. గుర్రం బాగుందని కాదు."

బయట కొట్టంలో పెద్దాయన గయ్యాళి ముందు బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. సూదమ్మ వచ్చిన అలికిడికి తలెత్తలేదు.

"పట్టీ బిగించినప్పుడల్లా చెబుతూనే ఉందమ్మా," అన్నాడు. "నొప్పిగా ఉంది, ముట్టుకోవద్దు అని. నేను దానికి పేరు పెట్టి నవ్వుకున్నాను."

వైద్యం మొదలైంది. ఆమ్లం ఊరడాన్ని తగ్గించే మందు రోజూ పొద్దున్నే నాలుక మీద వేశారు. దాణా తగ్గించి, ఎప్పుడూ ముందు గడ్డి ఉండేలా చూశారు. పగలంతా బయట మేతకు వదిలారు. జీను కొన్నాళ్ళు గోడకే వేలాడింది. వారాలు గడిచేకొద్దీ దాని ఒంటికి మెరుపు వచ్చింది. బ్రష్షు పొట్ట కిందికి వెళితే చెవులు కదిపింది గానీ కాలు ఎత్తలేదు. బడి నడిపే ఆవిడ దాన్ని పంపించే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం సూదమ్మ ఇంట్లో బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా అత్తగారు. కొడుకు నీళ్ళగ్లాసు కాస్త చప్పుడుగా పెట్టాడని ఆవిడ కస్సుమంది. అలవాటు ప్రకారం సూదమ్మ తల దించుకోబోయింది. దించుకునేలోపు, ముసలమ్మ ఎడమ చెయ్యి బల్ల అంచున, రొమ్ము కింద, పొట్ట పైభాగాన గట్టిగా అదిమి పెట్టి ఉండటం చూసింది. ఆ చెయ్యి అక్కడికి అలవాటుగా వెళ్ళింది. ఎన్నాళ్ళ నుంచి వెళుతోందో. సూదమ్మ చేతిలోని ముద్దను పళ్ళెంలో పెట్టేసింది.

భర్త కొట్టు మూయడానికి వెళ్ళాక అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"అత్తయ్యా, కడుపులో నొప్పి ఎన్నాళ్ళ నుంచి?"

ముసలమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"నువ్వే కదమ్మాయ్, రక్తం చూసి ఏమీ లేదన్నావు. నువ్వే లేదన్నాక ఇక ఎవరితో చెప్పుకోను? నా భ్రమేమో అనుకున్నాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే సూదమ్మను ఎక్కువ పొడిచింది. లెక్కలు బాగున్నాయని చెప్పాల్సింది, మీరు బాగున్నారని చెప్పేశానత్తయ్యా అంది. అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చింది. మిషన్ తొక్కి తొక్కి అరిగిన మోకాళ్ళకు ముసలమ్మ మందులషాపులో నొప్పి బిళ్ళలు తెచ్చుకుని రోజూ వేసుకుంటోంది. కడుపు మండుతుంది కాబట్టి తినదు, తినకుండానే బిళ్ళ మింగుతుంది, మింగితే ఇంకా మండుతుంది. ఇంట్లోవాళ్ళకు చెబితే మోకాళ్ళ బిళ్ళలు ఆపించేస్తారని భయం. నడవలేకపోతే మంచానికే అంటుకుపోవాలి కదా.

తర్వాత సూదమ్మ ఆవిడకు గయ్యాళి కథంతా చెప్పింది, తెర మీద చూసిన పుళ్ళతో సహా. ముసలమ్మ కళ్ళు మూసుకుని వింది.

"అయితే నన్ను గుర్రంతో పోలుస్తున్నావన్నమాట," అంది చివరికి.

"మంచి గుర్రమే అత్తయ్యా," అంది సూదమ్మ.

పెద్దాసుపత్రిలో గొట్టం వేయాలన్నారు. ముసలమ్మకు చావుకన్నా ఆ గొట్టమే ఎక్కువ భయమేసింది. గుర్రానికి వేసిందే తనకూ వేస్తారా అని దారంతా అడిగింది. మీ గొట్టం సన్నం, మీ కడుపు దగ్గర అని సూదమ్మ దారంతా జవాబు చెప్పింది. లోపలికి తీసుకెళ్ళాక ముసలమ్మ కోడలి చెయ్యి పట్టుకుని వదల్లేదు. అక్కడి డాక్టరు కూడా బయటికి పొమ్మనలేదు. సూదమ్మ తలాపిన నిలబడి, కొట్టాల్లో నేర్చుకున్న గొంతుతో, పాలవాడి సంగతులు చెబుతూనే ఉంది. నిజంగానే పుండుంది. ఒక్కటే, కానీ పెద్దది. ఇంకా రక్తం కారే దాకా రాలేదు, వేళకే వచ్చారు అన్నారు. నొప్పి బిళ్ళలు ఆపించి, ఆమ్లం తగ్గించే మందిచ్చారు. మోకాళ్ళకు పూత మందు రాసిచ్చి, కొన్ని వ్యాయామాలు నేర్పారు.

బయట వరండాలో భర్త గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. విషయం చెబితే విని, చేతిలోని తాళాలగుత్తి చూసుకున్నాడు.

"అమ్మ తిట్లు మారిపోయాయని నాకు తెలుస్తూనే ఉంది," అన్నాడు. "నవ్వు లేకుండా తిట్టేది. అడగాలని అనుకున్నాను. అడగలేదు."

సూదమ్మ ఆయన పక్కన నిలబడింది. ఇద్దరూ లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా అలాగే ఉన్నారు.

ముసలమ్మ కోలుకోవడానికి టైము పట్టింది. మోకాళ్ళు మాత్రం పూర్తిగా మాట వినలేదు. వానరోజుల్లో మంచం దిగనివ్వడం లేదు. తిండి నెమ్మదిగా మొదలైంది, ఒళ్ళు కాస్త పుంజుకుంది. ఒకనాడు కొడుకు చొక్కాకు గుండీ ఊడితే, పెళ్ళాం గుర్రాలకు సూది గుచ్చడం నేర్చుకుంది గానీ మొగుడికి గుండీ కుట్టడం నేర్చుకోలేదని గట్టిగానే అంది. అని, ఓరకంట కోడలి వైపు చూసింది. సూదమ్మ వంటగదిలోకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది.

డాక్టరు పరిశోధన ఒక కొలిక్కి వచ్చింది. గుర్రాలన్నిటినీ కలిపి చూస్తే, లాలాజలంలో కొన్ని ప్రొటీన్లు పుళ్ళున్నవాటిలో ఎక్కువగానే ఉన్నాయి. రక్తం అంత స్పష్టంగా చెప్పలేకపోయింది. గొట్టం మానేసి స్పాంజిని నమ్ముకునేంత బలం ఇంకా రాలేదు, ముందు దేన్ని చూడాలో తేల్చుకోవడానికి మాత్రం పనికొచ్చేలా ఉంది అని ఆయన రాశాడు. గయ్యాళి లాంటివి ఎందుకు తప్పించుకుంటున్నాయో తెలియాలంటే ఇంకా చాలా గుర్రాలు కావాలన్నాడు. అందుకని సూదమ్మ ఉద్యోగం పోలేదు. ల్యాబులో కూర్చునే పని కాస్తా వ్యానులో తిరిగే పని అయింది.

మొన్న ఒక పొద్దున ఆ వ్యాను ఊరికి దూరంగా ఒక కొత్త గుర్రపుశాల ముందు ఆగింది. అక్కడి మనిషి తలుపు తీస్తూ, ఈ బూడిదరంగుది మహా పెంకెదండీ అన్నాడు. పెంకెతనం సరే, ఏమేం చేస్తుందో ఒక్కొక్కటే చెప్పండి అని సూదమ్మ అడిగింది. అతను చెబుతుంటే శ్రద్ధగా వింది. తర్వాత ఒక బకెట్టు అడిగి తీసుకుని, దాన్ని గుర్రానికి కాస్త దూరంగా బోర్లించి కూర్చుంది. పటకారు సంచీలోనే ఉంది.

"నిన్న మా అత్తగారు ఏం చేసిందో తెలుసా?" అని మొదలుపెట్టింది.